కలుపెవరిది, కూరెవరిది?
బడితోట పాఠం మీద ఒక దళిత విమర్శ

బడితోట అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. గాంధేయులకి ఇష్టం, పర్యావరణవాదులకి ఇష్టం, పోషకాహార నిపుణులకి ఇష్టం, స్వచ్ఛంద సంస్థలకి మరీ ఇష్టం. ఫోటోకి కూడా బాగుంటుంది. యూనిఫాం వేసుకున్న పిల్లలు వంగ మొక్క చుట్టూ కూచుని ఉంటారు, మాస్టారు వేలితో ఏదో చూపిస్తుంటారు. అయితే అందరూ మెచ్చుకునే పని ఏదైనా మన దగ్గరికొచ్చేసరికి మనోళ్లే వంగి చెయ్యాల్సిన పనిగా మారిపోవడం మనకి కొత్త కాదు. అందుకే అందరూ మెచ్చుకున్న చోటే దళిత విమర్శ మొదలవ్వాలి.

2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కో తోటకి విత్తనాలు, పనిముట్లు, ఎరువుల కోసం మధ్యాహ్న భోజన పథకం నిధుల్లోంచి 5000 రూపాయలు వాడుకోవచ్చంది. పిల్లలు ప్రకృతికి దగ్గరవుతారు, తాజా కూరగాయలు తింటారు, రక్తహీనతలాంటి లోపాలు తగ్గుతాయి, చిరుతిళ్ల వల్ల వచ్చే నష్టం తెలుసుకుంటారు అన్నది దాని సారాంశం. ఇందులో ఒక్క మాటనీ కాదనలేం. కానీ ఈ కాగితంలో కనపడే పిల్లోడు ఎవరు? వాడికి మట్టి కొత్త. కూర ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. చిరుతిళ్లు ఎక్కువై ఆరోగ్యం చెడిపోతోంది. వాడిని మట్టికి పరిచయం చెయ్యాలి. ఇలాంటి పిల్లోడు విజయవాడ అపార్టుమెంట్లలో ఉంటాడు. బాపులపాడు మండలంలో సర్కారు బడికొచ్చే పిల్లోడు మాత్రం వీడు కాదు.

ఈ వ్యాసం తోట వద్దనడానికి కాదు. తోటలో చెప్పే పాఠం ఎవరిది, అందులో చేసే పని ఎవరిది, ఆ పంట చేరే పళ్లెం ఎవరిది అని అడగడానికి.

1. మామిడి నీడలో బడి

హనుమాన్ జంక్షన్ దగ్గర జాతీయ రహదారి మీద నిలబడి చూస్తే బాపులపాడు మండలం రెండుగా కనపడుతుంది. దక్షిణాన కాలవ కింద వరి. ఉత్తరాన నూజివీడు వైపు మెట్టలో మామిడి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ. ఒకప్పుడు నూజివీడు జమీందార్ల ఏలుబడిలో ఉన్న సీమ ఇది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీ పోయింది. భూమి మాత్రం గూడేనికి రాలేదు, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయింది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి పోయింది, బాపులపాడు కృష్ణాలోనే ఉండిపోయింది. ఎల్లలు మారాయి గానీ తోటల్లో కూలి చేసేవాళ్లు మారలేదు.

ఇక్కడి దళిత కుటుంబాల పిల్లలకి చెట్టు గురించి బడి చెప్పాల్సింది తక్కువ. పూత ఎప్పుడొస్తుందో, తేనెమంచు పురుగు పట్టిన పూత ఎలా మాడిపోతుందో, ఏ మబ్బుకి పిందె రాలుతుందో వాళ్లకి తెలుసు. కాయ కోసేటప్పుడు తొడిమ దగ్గర కారే సొన ఒంటిమీద పడితే చర్మం ఎలా కాలుతుందో అమ్మానాన్నల చేతులు చూసి తెలుసుకున్నారు. చిక్కంతో కాయ దెబ్బతినకుండా దించడం పదేళ్లవాడికి వచ్చు. తోటని పూత మీదే గుత్తకిచ్చేస్తారనీ, గుత్తదారు వేరు, ఆసామి వేరు, కమీషన్ వ్యాపారి వేరనీ వాడికి తెలుసు. రాలిన కాయ ఏరుకుంటే ఎవరు అదిలిస్తారో కూడా తెలుసు.

మరి ఇంత తెలిసినవాడు బడికొచ్చి పరిసరాల విజ్ఞానంలో తప్పడం ఏమిటి? చెట్టు భాగాలు రాయమంటే పెన్ను పట్టుకుని దిక్కులు చూడటం ఏమిటి? వాడి జ్ఞానాన్ని బడి జ్ఞానంగా గుర్తించకపోవడమే దీనికి సమాధానం. అది వాడి కులం పనిగా లెక్కకొస్తుంది. అదే సంగతి ఉద్యాన విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నాయన చెబితే శాస్త్రం అవుతుంది.

2. ఒక తోట కాదు, రెండు తోటలు

బడితోటకి చరిత్ర ఉంది. అది ఒకటి కాదు, రెండు. రెండింటినీ కలిపేసి ఒకటే అని చెప్పడంలోనే మోసం ఉంది.

మొదటి తోట ఫూలేది. 1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన వినతిపత్రంలో జోతిరావు ఫూలే శూద్రాతిశూద్రుల పిల్లల చదువు గురించి రాస్తూ ప్రాథమిక బడిలో చదవడం, రాయడం, లెక్కలు, చరిత్ర, భూగోళం, వ్యాకరణంతో పాటు వ్యవసాయం గురించిన ప్రాథమిక జ్ఞానం కూడా నేర్పాలన్నాడు. ఇక్కడ వరస గమనించాలి. వ్యవసాయం లెక్కల స్థానంలో రాలేదు, లెక్కల పక్కన వచ్చింది. అది జ్ఞానంగా వచ్చింది. కష్టం చేసే జాతికి తన కష్టం మీద శాస్త్రాధికారం రావాలన్న కోరిక అది.

రెండో తోట వార్ధాది. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీ ముందుకు తెచ్చిన విద్యావిధానం చేతిపని చుట్టూ తిరుగుతుంది. జాకీర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక రాసింది. వడుకు, నేత, వ్యవసాయం, కూరగాయలు పండ్ల తోటలు అందులో ఉన్నాయి. పిల్లలు చేసిన సరుకుతో పంతులు జీతం రావాలని గాంధీ ఆశించాడు. శరీరశ్రమకి గౌరవం తేవాలన్న ఆలోచన మంచిదే. అయితే తరతరాలుగా శరీరశ్రమ తప్ప వేరే దారి లేనివాడికి మళ్లీ శరీరశ్రమే చదువుగా ఇవ్వడం ఏ రకంగా విముక్తి? అక్షరం ముట్టుకోనివ్వని కులానికి ముందు అక్షరం కావాలా, పార కావాలా? అంబేద్కర్ గ్రామాన్ని ఎందుకు అనుమానించాడో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో ఆయన గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవుగా చూపించాడు. గాంధీకి ఆదర్శమైన ఊరు అంబేద్కర్‌కి జైలు. ఆ జైలులో తోటపని నేర్పడం వేరు, జైలు తలుపు తీయడం వేరు.

ఈ రెండో తోట అసలు రూపం 1953లో బయటపడింది. మద్రాసు ముఖ్యమంత్రిగా రాజగోపాలాచారి పల్లెటూరి ప్రాథమిక బడుల్లో చదువుని రోజుకి మూడు గంటలకి కుదించి, మిగతా పూట పిల్లలు తండ్రి వృత్తి నేర్చుకోవాలన్నాడు. అప్పటికి కృష్ణా జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తమిళనాట పెరియార్, ద్రావిడ ఉద్యమం దాన్ని కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించాయి. 1954లో కామరాజ్ అధికారంలోకి వచ్చాక రద్దయ్యింది. ఆ పథకం అమల్లో ఉంటే పాలేరు కొడుకు మధ్యాహ్నం పూట ఏం నేర్చుకునేవాడు? తోట కాపలా. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులు. పూజారి కొడుకు మంత్రం. అందరికీ సమానంగా సగం పూట!

తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 1964–66 కొఠారీ కమిషన్ పని అనుభవం అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక కార్యం అంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి పది రోజుల సంచిలేని బడి పెట్టి వడ్రంగి, తోటమాలి, కుమ్మరిలాంటి వాళ్ల దగ్గర పని చూడమంది. కాన్వెంటు పిల్లోడికి అది పది రోజుల వినోదం. తోటమాలి కొడుక్కి? వాడు ఇంటికెళ్లినట్టే. వాడికి పది రోజులు కలెక్టరాఫీసులోనో, ఆసుపత్రి ప్రయోగశాలలోనో గడిపే అవకాశం ఇవ్వాలని ఎవరికీ ఎందుకు తోచలేదు?

3. బిందె ఎవరి చేతిలో

తోట అంటే ముందు నీళ్లు, తర్వాత పెంట, తర్వాత కలుపు. ఈ మూడు పనుల్నీ తరగతి గదిలో ఎవరికి పంచుతారు? ఇక్కడే కులం బడితోటలోకి గేటు తీసుకుని వస్తుంది.

నేను చదువుకున్న రోజుల్లో బడి ఆవరణ ఊడవడానికీ, నీళ్లు మొయ్యడానికీ పిలిచే పేర్లు ఎప్పుడూ అవే. "ఒరే, నువ్వు బలంగా ఉంటావురా" అనేవారు. ఆ బలం మా వాడకట్టు మొత్తానికే ఉన్నట్టుండేది. మోటారు వెయ్యడం, హాజరు పుస్తకం పట్టుకురావడం, పూలు కోసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టడం ఇంకొకళ్ల పని. ఎవరూ కులం పేరెత్తేవాళ్లు కాదు. అవసరం రాలేదు. ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో హిందీలో రాసిన 'జూఠన్'లో హెడ్మాస్టరు కుర్రాణ్ణి తరగతిలో కూచోనివ్వకుండా రోజుల తరబడి బడి ఊడిపిస్తాడు. ఉత్తరప్రదేశ్‌లో ఒక బడి కథ అది. మన దగ్గర చాలామందికి దాన్ని చదివితే అనువాదం అక్కర్లేదు.

ఈ రోజుల్లో అంత బాహాటంగా జరగదని కొందరు మాస్టార్లు అంటారు. సంతోషమే. అయితే పని పంపకం రాతలో లేకపోతే పాత అలవాటే నిబంధన అవుతుంది. ఏ పిల్లాడు ఏ వారం నీళ్లు పోశాడు, ఎవరు పెంట ఎత్తారు, ఎవరు విత్తనాలు లెక్కపెట్టారు, ఎవరు దిగుబడి రాశారు అని గోడ మీద పట్టిక ఉంటే ఆ పట్టికే పిల్లలకి మొదటి సమాజశాస్త్ర పాఠం. ఆసామి కొడుకు పెంట ఎత్తి, మాదిగ పిల్ల దిగుబడి లెక్క రాసే తోట ఒక్కటి చూపించండి, దాన్ని నేను మెచ్చుకుంటాను.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది. 1985 జూలై 17 కారంచేడు మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన మాటతోనే రగిలింది. నీళ్లు ఎవరు ముట్టుకోవాలి, ఎవరు మురికి చెయ్యొచ్చు అన్న ప్రశ్న మీద మనుషులు చచ్చిపోయిన నేల ఇది. అలాంటి నేల మీద పిల్లలంతా ఒకే కుళాయి దగ్గర బిందె పట్టుకోవడం చిన్న విషయం కాదు. చేస్తే నిజంగానే గొప్ప పాఠం. చెయ్యకుండా వంగతోట ఫోటో తీసుకుంటే మాత్రం ఏమీ నేర్పనట్టే.

4. కలుపు

ఇక పాఠంలోకి వద్దాం. బడితోటలో సాధారణంగా వేసేవి వంగ, బెండ, టమాటా, తోటకూర, పాలకూర, మునగ, కరివేపాకు. మంచివే. మడి తయారయ్యాక పిల్లలకి చెప్పే మొదటి పని కలుపు తియ్యడం. ఆ కలుపులో ఏం పోతుందో కాస్త చూడండి. పొన్నగంటి. గంగవాయిలి. చెంచలి కూర. గలిజేరు. తుమ్మికూర.

ఇవన్నీ మా ఇళ్లలో కూరలు. ఎవరూ విత్తనం వెయ్యకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా వచ్చే కూరలు. కూలికెళ్లిన ఆడవాళ్లు సాయంత్రం గట్టు మీద నుంచి ఒడిలో వేసుకొచ్చే కూరలు. ఏ ఆకు ఏ నెలలో లేతగా ఉంటుందో, ఏది పప్పులో వెయ్యాలో, ఏది ఎండు రొయ్యలతో వండాలో, ఏది బాలింతకి పెట్టాలో వాళ్లకి తెలుసు. ఏది తింటే కడుపు చెడుతుందో కూడా తెలుసు. భూమి లేని ఆడదాని వృక్షశాస్త్రం ఇది. దీనికి పుస్తకం లేదు. కలుపు మందులొచ్చాక గట్లు కూడా మాడిపోయి ఈ శాస్త్రం నిలబడటానికి నేల కూడా లేకుండా పోతోంది.

కలుపు అంటే ఏమిటి? ఉండకూడని చోట మొలిచింది. ఉండకూడని చోటు అని నిర్ణయించేదెవరు? మడి వేసినవాడు. ఊరు ఎలా ఉంటుందో మడి కూడా అలాగే ఉంటుంది. నడిమధ్య నాటినవాళ్లు, అంచున మొలిచినవాళ్లు. పిల్లలకి పొన్నగంటిని పీకి పారెయ్యమని చెప్పే బడి, తెలిసో తెలియకో, పిల్లాడి ఇంటి కూరని చెత్త అంటోంది. ఆ పిల్లాడు రేపు పొద్దున అమ్మ వండిన పొన్నగంటి పప్పు డబ్బాలో తెచ్చుకోవడానికి సిగ్గుపడతాడు. జ్ఞానం ఇలాగే చస్తుంది. ఎవరూ చంపక్కర్లేదు, సిగ్గు చాలు.

దీనికి ప్రత్యామ్నాయం ఊహ కాదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టూ కట్టుకున్న దళిత మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామలతో పాటు విత్తకుండా మొలిచే ఆకుకూరల్ని కూడా పంటగానే లెక్కించాయి. 1993లో మాచ్‌నూరులో మొదలైన పచ్చసాలెలో పిల్లలకి పుస్తకం చదువుతో పాటు చేలో పని కూడా చదువయ్యింది. 2019లో ఆ సంఘాల కృషికి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థ నీడలో నడిచే పని మీద మనకి ఉండాల్సిన ప్రశ్నలు మనకి ఉంటాయి. అయినా దళిత స్త్రీ తెలివి బడి గోడ దాటి లోపలికి వచ్చినప్పుడు ఏమవుతుందో అక్కడ కనపడుతుంది. కూలి ఆడమనిషి అక్కడ పంతులమ్మ అవుతుంది.

5. పళ్లెం

ఆహారం గురించి చెప్పే పాఠం మొక్క దగ్గరే ఆగిపోతే అది సగం పాఠం. ఆ సగం కూడా నిర్దోషి కాదు. తోట ఒక్కటే ఆహార పాఠశాల అయితే ఆహారం అంటే ఆకు, కాయ, పండు అన్న అర్థం పిల్లాడి మనసులో నాటుకుంటుంది. మరి కాలవ గట్టున పట్టే నత్తలు, పీతలు? ఎండబెట్టిన చేపలు? యానాదులు పొలంలో పట్టే ఎలకలు? కోళ్లు, పందులు, పెద్దకూర? ఇవి పాఠం కావా? 2009లో పూనా విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు దళితుల తిండి జ్ఞాపకాల్ని పుస్తకంగా తెచ్చి ఈ పళ్లెం భారతీయం కాదా అని అడిగారు. 2008లో హైదరాబాదు అన్వేషి వాళ్లు తెచ్చిన పిల్లల కథల్లో మహమ్మద్ ఖదీర్‌బాబు తలకాయ కూర కథ ఉంది. ఆదివారం ఒక ఇంట్లో తలకాయ కూర వండుకోవడం కథావస్తువు కావడానికి తెలుగు బాలసాహిత్యం అంతకాలం ఆగాల్సొచ్చింది. పాఠ్యపుస్తకం ఇంకా ఆగే ఉంది.

ఇది రుచుల గొడవ కాదు, రక్తం గొడవ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–20) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. ఆకుకూరల్లో ఇనుము ఉన్నా అది ఒంటికి పట్టేది కొద్దిగానే. నిమ్మ, ఉసిరి, మామిడికాయలాంటి పులుపుతో కలిపి తింటే ఇంకొంచెం పడుతుంది. మాంసంలో ఉన్న ఇనుము అంతకంటే సులువుగా పడుతుంది. బి12 విటమిను మొక్కల్లో దొరకదు. గుడ్డు, పాలు, చేప, మాంసంలోనే దొరుకుతుంది. ఈ వాక్యాలు ప్రతి బడితోటలో బోర్డు మీద రాయాలి. రాస్తారా? 2018–19లో కర్ణాటకలో మధ్యాహ్న భోజనం వండి పంపే ఒక సంస్థ ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యనంటే ఎంత రగడ జరిగిందో తెలుసు. పిల్లల పళ్లెంలో ఏముండాలో నిర్ణయించేది పిల్లల ఒళ్లు కాదు, పెట్టేవాడి మడి.

మన రాష్ట్రంలో గుడ్డు ఉంది. అది పోరాడి నిలబెట్టుకోవాల్సిన విషయం. అయితే వండేదెవరు? 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. 2004 ఏప్రిల్ 20న వంటవాళ్ల నియామకంలో దళితులకి, షెడ్యూల్డు కులాలు, తెగలకి ప్రాధాన్యం ఇవ్వాలని కోర్టు ఇంకో ఆదేశం ఇచ్చింది. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో ప్రచురించిన అధ్యయనం ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాల్లో జరిగిన సర్వే మీద ఆధారపడింది. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దళిత వంటమనిషిని వద్దనడం, పిల్లల్ని విడిగా కూచోబెట్టడం అందులో నమోదయ్యాయి. తోటలో దళిత పిల్ల పెంచిన వంకాయ అందరికీ పనికొస్తుంది, ఆ పిల్ల తల్లి వండితే కొందరికి పనికిరాదు! కాబట్టి తోట పాఠం పొయ్యి దాకా నడవాలి. 2019లో రాష్ట్రంలో వంటవాళ్ల గౌరవ వేతనం నెలకి 1000 నుంచి 3000 రూపాయలు చేశారు. గౌరవం అన్న మాట ముందు పెట్టి వేతనాన్ని కుదించడం కూడా పిల్లలు నేర్చుకోవాల్సిన భాషాపాఠమే.

పేరు సంగతి కూడా చూద్దాం. 2020లో ఈ పథకానికి అప్పటి ముఖ్యమంత్రి పేరు కలిసొచ్చేలా జగనన్న గోరుముద్ద అని పెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయ్యింది. కోనసీమలో వచ్చినవాళ్లకి లేదనకుండా అన్నం పెట్టిన తల్లిగా సీతమ్మకి పేరుంది. ఆమె మంచితనం మీద మనకి తగువు లేదు. తగువు దానం అన్న మాట మీద. ఒక పేరులో అన్న పెడుతున్నాడు, ఇంకో పేరులో అన్నపూర్ణ పెడుతోంది. పిల్లాడు ఎప్పుడూ చెయ్యి చాచినవాడే. 2013 ఆహార భద్రత చట్టం ఐదో సెక్షన్ ప్రకారం అది వాడి హక్కు. హక్కుగా వచ్చిన అన్నానికి దాత పేరు అక్కర్లేదు.

6. నేల

బడిలో నేర్చుకున్నది ఇంటి పెరట్లో చెయ్యమంటారు. పెరడు ఎక్కడుంది? 2020 డిసెంబరులో పల్లెల్లో ఇళ్ల స్థలాలు ఇచ్చినప్పుడు ఒక్కో కుటుంబానికి సెంటున్నర ఇచ్చారు. అంటే సుమారు 73 చదరపు గజాలు. ఇల్లు కట్టుకుని, మరుగుదొడ్డి కట్టుకుని, గొడ్డో మేకో ఉంటే కట్టేసుకుని, మిగిలిన జాగాలో పోషకాహార తోట పెట్టాలి! ఇదే మండలంలో మల్లవల్లిలో ఆహార పార్కుకీ, పరిశ్రమలకీ వందల ఎకరాలు దొరికాయి. మామిడి గుజ్జు తీసే యంత్రాలకి నేల ఉంది. మామిడి కోసే చేతులకి పాదు పెట్టుకునే నేల లేదు.

కాలం కూడా కలిసి రాదు. బడి ఏప్రిల్ చివర్లో మూసి జూన్‌లో తెరుస్తారు. మామిడి కోతలు సరిగ్గా ఆ రోజుల్లోనే. బడితోట ఎండిపోయే రోజులు, ఊరి తోటలు పండే రోజులు ఒకటే. చట్టం కూడా బడి సెలవు రోజులు మినహా ప్రతిరోజూ భోజనం అంటుంది. సెలవుల్లో ఆకలికి సెలవుండదు. అప్పుడు పిల్లలు ఎక్కడ ఉంటారు? కాయలు ఏరుతూ, గంపలు అందిస్తూ, అమ్మానాన్నల వెనక తోటల్లో ఉంటారు. నిజమైన బహిరంగ తరగతి గది అదే. దానికి మాస్టారు లేడు, హాజరు లేదు, మార్కులు లేవు. మేస్త్రీ ఉంటాడు.

7. మనలో మనం

ఇక్కడ మనలోనే ఒక వాదన ఉంది. దాన్ని తప్పించుకుని పోకూడదు. "మా తాతలు మట్టి పిసికారు, మా అయ్యలు మట్టి పిసికారు, మా పిల్లలకి మట్టి వద్దు. ఇంగ్లీషు ఇవ్వండి, కంప్యూటరు ఇవ్వండి" అని గూడెంలో తల్లులు అంటారు. తోటలో పని చేయిస్తున్నారని తెలిసి బడికెళ్లి మాస్టారిని నిలదీసే తల్లిని నేను తప్పుపట్టను. కూలి డబ్బులు కూడబెట్టి కాన్వెంటు బస్సెక్కించేది అందుకే. ఆ కోపంలో చరిత్ర ఉంది. 1937ని, 1953ని ఆమె చదవకపోయినా ఆమెకి వాటి సంగతి తెలుసు.

అయితే మట్టిని వదిలేస్తే మట్టి మీద అధికారం కూడా వదిలేసినట్టవుతుంది. విత్తనం కంపెనీది, మందు కంపెనీది, గుజ్జు కంపెనీది అయిన రోజున ఆహారం గురించి తెలియకపోవడం విముక్తి కాదు. మనకి కావాల్సింది పార కాదు, పార గురించిన శాస్త్రం. కంచె ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద లాండ్' ఇదే దారిలో ఆలోచించిన పుస్తకం. పశువుల కాపరి, తోలు పనివాడు, కుమ్మరి, రైతు, నేతగాడు, చాకలి, మంగలి వీళ్లంతా అందులో శాస్త్రజ్ఞులుగా కనపడతారు. ఆ పుస్తకంలో ఒక బలహీనత ఉంది. శ్రమలోని తెలివిని ఎత్తి చూపినంతగా ఆ శ్రమకి కట్టిన ధరని చూపించదు. గౌరవం ఇస్తే సరిపోతుందా, కూలి సంగతేంటి అని మాలపల్లె పిల్లోడు అడిగితే దగ్గర సమాధానం ఉండాలి. అయినా మన పిల్లల చేతిలో ముందుగా పెట్టాల్సిన పుస్తకాల్లో అదొకటి.

అంటే తోట పాఠం ఫూలే దారిలో నడవాలి. మొక్క పక్కన లెక్క ఉండాలి. ఒక మామిడికాయ తోటలో ఎంత, మార్కెట్లో ఎంత, హైదరాబాదులో ఎంత? కోసినవాడికి అందులో ఎంత? కాల్షియం కార్బైడుతో పండించడం ఎందుకు నిషేధం, అయినా ఎందుకు వాడతారు? మందు కొట్టేవాడు మూతికి గుడ్డ కట్టుకుంటే చాలా, ఒంట్లోకి ఏ దారిన పోతుంది? రాలిన కాయ ఎవరిది? ఇవి రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం, జీవశాస్త్రం, పౌరశాస్త్రం. నాలుగు పుస్తకాలు తిరగేసినా దొరకని పాఠం ఒక చెట్టు కింద దొరుకుతుంది. ఆ పాఠం చెప్పగలిగిన మాస్టారు కావాలి. ఆ పాఠం చెప్పనిచ్చే ఊరు కూడా కావాలి.

8. ఏం అడగాలి

కార్యకర్తలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ విషయాన్ని ఎవరో మొక్కలు నాటే కార్యక్రమం అని వదిలెయ్యకూడదు. ఐదు డిమాండ్లు మన ముందున్నాయి.

తోటలో పని పంపకం రాతపూర్వకంగా, వారం వారం మారుతూ, అందరికీ కనపడేలా ఉండాలి. కులం, ఆడా మగా తేడా లేకుండా పెంట నుంచి లెక్కల పుస్తకం దాకా అన్నీ అందరూ చెయ్యాలి. తోటపని చదువు గంటల్ని తినకూడదు.

విత్తకుండా మొలిచే కూరల కోసం ప్రతి తోటలో ఒక మడి కలుపు తియ్యకుండా వదలాలి. ఆ మడి పాఠం చెప్పడానికి గూడెం ఆడవాళ్లని పిలవాలి. పిలిచినరోజు కూలి రేటు కాదు, అతిథి ఉపాధ్యాయుల రేటు ఇవ్వాలి.

ఆహార పాఠంలో గుడ్డు, చేప, మాంసం ఆకుకూరతో సమానంగా ఉండాలి. ఎవరి తిండీ నీచం కాదని మాటల్లో కాదు, పాఠ్యపుస్తకం బొమ్మల్లో కనపడాలి.

2004 కోర్టు ఆదేశం ప్రకారం వంటవాళ్ల నియామకం ఎలా జరిగిందో ప్రతి బడి గోడ మీద రాయాలి. తోటలో పండింది ఎవరి చేత్తో వండారో పిల్లలకి తెలియాలి.

బడి మూసిన వేసవి నెలల్లో మామిడి మండలాల్లో పిల్లలకి భోజనం నడవాలి. సెలవుల్లో ఆకలి గురించి మాట్లాడని పోషకాహారం కాగితం మీద పోషకాహారమే.

ఇవి అసాధ్యమైన కోర్కెలు కావు. డబ్బుతో కంటే బుద్ధితో అయ్యే పనులే ఇందులో ఎక్కువ. వచ్చే జూన్‌లో బడి తెరిచేసరికి తల్లిదండ్రుల కమిటీ మొదటి సమావేశంలో ఈ ఐదింటినీ కాగితం మీద పెట్టి హెడ్మాస్టరు చేత సంతకం చేయించుకోవడం మనం చెయ్యగలిగిన పని. పని పంపకం పట్టిక గోడ మీదికి ఎక్కేదాకా ఫోటోలకి నిలబడొద్దని మన పిల్లలకి చెబుదాం.